జాగా కోసం వదిలిన రాయి

ఒక రాయి గురించి మీకు చెప్పాలి. పెద్దదేమీ కాదు. రెండు చేతులతో ఎత్తి నడుం దాకా తేగలిగినంత. మా పొలం గట్ల మీద దొరికే మామూలు నల్లరాయి. దాన్ని ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్నాను అని రాస్తే కవిత్వంలా ఉంటుంది. నేను కవిత్వం రాసినవాణ్ణి కాదు, వార్తలు రాసినవాణ్ణి. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ రాయిని ఒక సాయంత్రం రోడ్డు మీంచి తీశాను. మళ్లీ నేనే పెట్టాను. మర్నాడు పొద్దున్న నేనే తీసి పారేశాను. ఆ మధ్యలో ఒక మనిషి చనిపోయాడు.

ఇంత చిన్న సంగతి రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? కూర్చున్న ప్రతిసారీ 'ప్రమాదం జరిగింది' అని మొదలుపెట్టేవాణ్ణి. అక్కడే ఆగిపోయేవాణ్ణి. వేల వార్తల్లో ఆ మాట రాసుంటాను. ఎవరి పేరూ లేకుండా, ఎవరి చెయ్యీ కనిపించకుండా పని జరిపించే మాట అది. ఈసారి దాని జోలికి పోకూడదని ముందే అనుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. పేర్లు మార్చాను. మా ఊరి పేరు రాయను. ఎందుకు రాయడం లేదో చివర్లో మీకే తెలుస్తుంది.

తొంభైల చివర్లో నేను పలాసలో ఒక దినపత్రికకు విలేకరిని. పెద్ద విలేకరిని కాను. చుట్టుపక్కల వార్తలు రాసి, కవరులో పెట్టి, సాయంత్రం శ్రీకాకుళం వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఇల్లు మాత్రం ఊళ్లోనే. పలాస నుంచి సముద్రం వైపు ఉద్దానం ప్రాంతంలోకి వెళ్లే రోడ్డు పక్కన మా ఊరు. రెండు పక్కలా కొబ్బరి, జీడి తోటలు. ఆ రోడ్డుకి అప్పుడే కొత్తగా తారు వేశారు.

తారు రోడ్డు మాకు దారి ఒక్కటే కాదు, కళ్లం కూడా. వేసవిలో నూతుల కింద చోడి, అంటే రాగి, పండేది. కోసిన వెన్నుల్ని పొద్దెక్కి తారు కాలిన తరవాత రోడ్డులో సగం మేర పరిచేవాళ్లం. బస్సులూ లారీలూ వాటి మీంచి పోతుంటే గింజ రాలేది. ఎడ్లతో తొక్కించే పని తప్పేది. మధ్యాహ్నం దాటాక, ఊడ్చి పోగుచేసి తూర్పారబట్టే వేళకి, బండ్లు ఇక అటు రాకుండా రెండు కొసలా రాళ్లు అడ్డం పెట్టేవాళ్లం. ఆడవాళ్లు రోడ్డు మీదే కూర్చుని చాటలు పట్టేవారు కాబట్టి ఆ రాళ్లు తప్పనిసరి.

పొద్దు గుంకే వేళకి గింజ బస్తాల్లోకి వెళ్లిపోతుంది. అప్పుడు రాళ్లు తీసెయ్యాలి. తీసేవాళ్లు తీసేవారు. తియ్యనివాళ్లు తీసేవారు కాదు. బద్ధకం వల్ల కాదు. మర్నాటి జాగా కోసం. మా ఊరి ముందు తోటల నీడ పడకుండా రోజంతా ఎండ కాసే రోడ్డు కొద్ది మేరే ఉంది. ఆ మేర కోసం ఊరంతా పోటీ. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, రాళ్లు రోడ్డు మీదే వదిలేస్తే ఆ జాగా వాళ్లదని లెక్క. ఇంకొకరి రాళ్లని ఎవరూ కదిపేవారు కాదు. కదిపితే గట్టు జరిపినంత గొడవ. ఊళ్లోవాళ్లకి అవెక్కడున్నాయో తెలుసు కాబట్టి తప్పుకునే వెళ్లేవాళ్లం. రోడ్డు మీద ఊళ్లోవాళ్లే కాదు, ఇంకెవరైనా వెళతారన్న ఆలోచన మాకు వచ్చేది కాదు. వచ్చేది కాదు అని ఊరందరినీ కలిపి అనడం కూడా తప్పే. నాకు వచ్చింది. నాకు ఒకాయన చెప్పాడు కూడా.

ఎండలు ముదిరాయంటే పత్రిక నుంచి ఫోన్ వచ్చేది. వేసవిలో రోడ్డు మీద ఎలా జాగ్రత్తగా ఉండాలో నలుగురినీ అడిగి రాయమనేవారు. ఆ ఏడాది టెక్కలి వెళ్లి బండ్లు తనిఖీ చేసే అధికారిని కలిశాను. మంచివాడు. మజ్జిగ ఇప్పించి, ఓపిగ్గా చెప్పాడు. మిట్టమధ్యాహ్నం బండి తియ్యొద్దు. తెల్లవారుజామున బయల్దేరి ఎండెక్కే లోపు ఇల్లు చేరాలి. టైర్లలో గాలి నిండా కొట్టించొద్దు. తలకి తుండు చుట్టుకోవాలి. నీళ్లు దగ్గరుంచుకోవాలి. కళ్లు మూతలు పడుతుంటే ఆపి ముఖం కడుక్కోవాలి. లేచేటప్పుడు ఇంకొక మాటన్నాడు: "మీ వైపు రోడ్ల మీద పంటలూ రాళ్లూ ఉంటాయి చూడండి, అన్నిటికంటే ముందు అది రాయండి."

అన్నీ రాశాను. అది తప్ప.

ఎందుకు రాయలేదు? చోటు చాలలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. చోటుంది. నీళ్లు తాగమని రెండు చోట్ల రాశాను. అసలు కారణం, ఆ వార్త అచ్చయిన రోజు పొద్దున్న మా నాన్న మా చోడిని ఆ రోడ్డు మీదే పరుస్తాడు. ఊరి టీ కొట్లో ఆ పత్రిక పైకి చదువుతారు. 'మనోడే మన కళ్లం మీద రాసీసేడు' అంటారు. ఆ ఒక్క మాట పడలేక అచ్చులోంచి ఆ రాళ్లని తీసేశాను. ముందు అక్కడ తీశాను. రోడ్డు మీంచి మాత్రం తియ్యలేదు.

ఇప్పుడు ఏసుదాసు గురించి.

మా ఊరికి అవతల, సముద్రానికి ఇంకాస్త దగ్గరగా ఉన్న ఊరు అతనిది. పలాసలో ఒక జీడి కర్మాగారంలో పని. పిక్కలు కాల్చే చోట మేస్త్రీ. చేతులకి ఎప్పుడూ జీడి సొన మచ్చలు ఉండేవి. వాళ్లది బాప్టిస్టు సంఘం. ఆదివారం ప్రార్థనలో కంజిర వాయించేవాడు. పాత మోపెడ్ మీద రోజూ మా ఊరి ముందు నుంచే వెళ్లేవాడు. పలాస బస్టాండు దగ్గర టీ కొట్లో పత్రిక చదివి, నేను కనిపిస్తే వదిలేవాడు కాదు. నన్ను 'పేపరు బావా' అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అలా కలుపుకోవడం అలవాటు.

జాగ్రత్తల వార్త వచ్చిన రోజు కూడా టీ కొట్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే పత్రిక మడిచి గొడుగులా నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏటి పేపరు బావా, ఎండలో తిరగొద్దని ఊరందరికీ సెప్పేసి, నువ్వేటి మిట్టమద్దినం బోడిగుండుతో తిరుగుతన్నావు?"

కొట్లో అందరూ నవ్వారు. నా బట్టతల గురించి.

"నేను తిరక్కపోతే మీకు వార్తలెవరు రాస్తారురా?" అన్నాను.

"అదీ నిజిమే. రేపు రావివలస్లో మావోడి సెల్లి పెళ్లి. భోజనాలయ్యేక మర్నాడు ఎండలో పడి ఒద్దారనుకున్నాను. నీ మాట ఇని తెల్లారగట్టే బయల్దేరిపోతాన్లే. ఎండదెబ్బకి సత్తే నువ్వు రెండు లైన్లే రాత్తావు. ఫొటో కూడా ఎయ్యవు."

మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. టీ తాగి కవరు ఇవ్వడానికి బస్సు దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ పెళ్లి జరిగిన రోజు సాయంత్రమే మా చోడి పని దాదాపు అయ్యింది. ఇంకొక్క రోజు పరిస్తే మిగతాది కూడా అయిపోతుంది. నాన్న బస్తాలు బండికెక్కించి ఇంటికి తోలుకెళుతూ వెనక్కి తిరిగి, "సీకటి పడతంది, ఆ రాళ్లు తీసీసి రారా" అన్నాడు. తీస్తున్నాను. పక్కవైపు ఉన్నవన్నీ తీసేశాను. రోడ్డు నడుమకి ఉన్న చివరి రాయి ఎత్తి రెండు అడుగులు వేశాను. అప్పుడు చూశాను. ఎదురింటి వాళ్ల చోడి బండి రచ్చ దగ్గరికి వచ్చి ఆగి ఉంది. పొద్దున్నే పరచడానికి సిద్ధంగా. వాళ్ల పెద్దాయన బండి మీంచి నా చేతిలో రాయినే చూస్తున్నాడు.

రాయిని వెనక్కి తెచ్చి ఎక్కడుందో అక్కడే పెట్టాను. కాస్త ముందుకే పెట్టాను కూడా, బాగా కనిపించాలని. ఆయన మొహం తిప్పుకున్నాడు. నేను గెలిచాను. ఇంటికి వచ్చి స్నానం చేసి చల్లన్నం తిని పడుకున్నాను. నాన్న అడగలేదు. తీసేశాననే అనుకుని ఉంటాడు.

మర్నాడు పూర్తిగా వెలుగు రాకముందే పాలు పోసే మనిషి తలుపు కొట్టాడు. "పేపరు బాబూ, మన కళ్లం కాడ ఎవలో బండితో పడిపోనారు. నాను ఊళ్లోకెల్లి నలుగుర్ని లేపుతాను, నువ్వెల్లు" అన్నాడు. చొక్కా తొడుక్కుని కెమెరా పట్టుకున్నాను. అవును, కెమెరా. అలవాటు. వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. మోపెడ్ పక్క కాలవలో ఉంది, ముందు చక్రం వంగిపోయి. ఏసుదాసు రోడ్డు మీద బోర్లా పడున్నాడు. తలకి తుండు చుట్టుకుని ఉన్నాడు, నేను రాసినట్టే. పెళ్లివాళ్లు అతని కూతురి కోసం ఇచ్చిన బూందీ పొట్లం చిట్లి తారు మీద పసుప్పచ్చగా చెల్లాచెదురై ఉంది.

జనం వచ్చేసరికి రాయి అక్కడ లేదు. తుప్పల్లో ఉంది.

పోలీసులు వచ్చారు. హెడ్ కానిస్టేబుల్ నాకు తెలిసినవాడే. రోడ్డంతా చూశాడు. చదునైన రోడ్డు, గుంత లేదు, మలుపు లేదు. "ఇంత సాఫీ రోడ్డు మీద ఎలా పడిపోయాడండీ?" అని నన్నే అడిగాడు. నేను చుట్టుపక్కల సంగతులు తెలిసినవాణ్ణని నన్ను అడగడం వాళ్లకి మామూలే. అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "రాత్రి రావివలసలో పెళ్లికి వెళ్లి వస్తున్నాడు."

అంతే అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన తల ఊపి, "అదీ సంగతి, పెళ్లి మందు" అన్నాడు. నేను కాదనలేదు. ఒక మనిషి మీద నింద వెయ్యడానికి అబద్ధం అక్కర్లేదని, నిజంలో ఒక ముక్క చూపించి మిగతాది ఎదుటివాడికి వదిలేస్తే చాలని ఆ పొద్దున్నే తెలుసుకున్నాను. కాదు. తెలుసుకోలేదు. నాకు ముందే తెలుసు. అదే నా పని.

సాయంత్రం వార్త రాశాను. 'మద్యం మత్తులో ద్విచక్ర వాహనం నడపడమే కారణమని పోలీసులు భావిస్తున్నారు' అని. పోలీసులు భావిస్తున్నది నిజమే. వాళ్లకి ఆ భావన ఎక్కణ్ణుంచి వచ్చిందో వార్తలో రాయనక్కర్లేదు. పత్రికవాళ్లు దానికి పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టి, మళ్లీ అచ్చేసిన వేసవి జాగ్రత్తల పక్కనే వేశారు. ఫొటోతో సహా. నేను తీసిన ఫొటో.

మొదట్లో నేను భయపడింది రాయి గురించి. ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడగలేదు. ఎదురింటి పెద్దాయన అడగలేదు. ఆయనకి తెలుసు. ఊళ్లో ఇంకా కొందరికి తెలిసే ఉంటుంది. వాళ్ల రాళ్లు కూడా ఏదో ఒక రాత్రి రోడ్డు మీద ఉన్నవే కాబట్టి ఎవరి నోరూ లేవలేదు. నాన్న ఆ రోజు రోడ్డు మీదికి వచ్చి, చివరి రాయి ఉండాల్సిన చోట నిలబడి, కాసేపు కిందికి చూశాడు. మిగిలిన చోడి వెన్నుల్ని ఇంటి వెనక పెరట్లో కర్రతో కొట్టించాడు. పోయేదాకా మళ్లీ రోడ్డు మీద పంట పరచలేదు. ఎందుకని నేను అడగలేదు.

నేను భయపడాల్సింది రాయి గురించి కాదు. వార్త గురించి.

ఏసుదాసు సంఘంలో తాగుడు చిన్న తప్పు కాదు. ఎన్నో ఏళ్లు కంజిర వాయించిన మనిషి పెళ్లికి పోయి తాగి చచ్చిపోయాడని పత్రికలో వచ్చింది. సమాధి చేసిన రోజు సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన చేస్తూ, తాగుడు అనే శోధన నుంచి మన యువకుల్ని కాపాడు ప్రభువా అన్నాడట. భార్య కరుణమ్మ అక్కడే, పెట్టె పక్కన, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ తరవాతి ఆదివారం నుంచి ఆమె ముందు వరసలో చాప మీద కూర్చోవడం మానేసి, తలుపు దగ్గర చెప్పులు విప్పే చోట కూర్చునేదని విన్నాను. వినకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను.

ఆమె ఒక రోజు నా దగ్గరికి వచ్చింది.

ఎండ బాగా కాస్తున్న వేళ. బస్టాండులో బస్సు కోసం కవరు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను రోజూ అక్కడుంటానని ఏసుదాసు చెప్పి ఉంటాడు. భర్త నన్ను బావ అనేవాడు కాబట్టి ఆమెకి నేను అన్న వరస. ఎప్పుడూ అలాగే పిలిచేది.

"అన్నయ్యా, ఒక్క మాట అడగాల."

"అడుగమ్మా."

"మా ఆయన తాగేడని పేపర్లో రాసింది మీరే గదా."

"పోలీసులు చెప్పిందే రాస్తామమ్మా. మేం సొంతంగా ఏమీ రాయం."

"అది కాదన్నయ్యా. నాను దెబ్బలాడ్డానికి రాలేదు. పెళ్లయిన కాడ్నుంచి ఆయన నోట్లో సుట్ట కూడా సూళ్లేదు నాను. మరి పేపరోళ్లూ పోలీసోళ్లూ ఊరికే సెప్పరంటన్నారు మావోళ్లు. మీరు టీ కాడ రోజూ కూకునేవోరు గదా ఆయనతోటి. నాకు తెల్దు, మీకు తెలుత్తాది. నాకు తెలీకుండా తాగేవోడేటి?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"తాగేడంటే తాగేడనే సెప్పండి. నాను ఏడవను. ఇన్నేళ్లు నాకు అబద్దమాడేడో నేదో తెలిత్తే సాలు. పొద్దున లేత్తే ఆయన సొక్కాలు తీసి వాసన సూత్తన్నాను అన్నయ్యా. ఏ వాసనా రాదు. జీడి సొన వాసనే. అయినా మళ్లీ సూత్తన్నాను. పిచ్చెక్కిపోతంది."

తాగలేదు. నాలుగు అక్షరాలు. అవి అంటే చాలు. మరి ఎందుకు పడిపోయాడని ఆమె అడిగి ఉండేది కాదు కూడా. ఆమెకి కావలసింది చావుకి కారణం కాదు, భర్త. చనిపోయినవాణ్ణి ఎలాగూ తిరిగి ఇవ్వలేను. బతికున్నప్పటి మనిషిని తిరిగి ఇవ్వగలిగేవాణ్ణి. అది కూడా ఇవ్వలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆమె "సరే అన్నయ్యా" అంది. ఎండలో కొంగు నెత్తిన వేసుకుని వెళ్లిపోయింది. బస్సు వచ్చింది. కవరు ఇచ్చాను.

తరవాతి ఏళ్లలో నేను చాలా మంచి పనులు చేశాను. నవ్వకండి, నేను నిజంగానే అలా అనుకునేవాణ్ణి. మరుసటి వేసవి నుంచి జాగ్రత్తల వార్తలో మొదటి మాటగా, రోడ్ల మీద పంటలు పరచొద్దని, రాళ్లు వదలొద్దని రాశాను. ఊళ్లో తిట్టారు. తిట్టించుకోవడం బాగుండేది. శిక్ష పడుతున్నట్టుండేది. సాయంత్రాలు పలాస నుంచి వస్తూ స్కూటరు ఆపి ఎవరెవరివో రాళ్లు పక్కకి దొర్లించేవాణ్ణి. ఒకసారి ఒకామె ఇంటి ముందు నుంచి అరిచింది: "మీ నాన్న పరిసినన్నాళ్లూ రోడ్డు మీదే, మీరు మానీసేక మాకు సుద్దులు సెప్తన్నావేటి?" నేను దొర్లించినవన్నీ ఇంకెవరివో రాళ్లు. ఒక మనిషి గురించి నేను రాసిన అబద్ధాన్ని మాత్రం ఎక్కడా కదపలేదు. వంద రాళ్లు తీస్తే ఆ ఒక్క వార్త చెరిగిపోతుందా? ఆ ప్రశ్న వేసుకునేవాణ్ణి, జవాబు రాకముందే ఇంకో రాయి దగ్గర స్కూటరు ఆపేవాణ్ణి.

వేసవి వస్తే నాకు నిద్ర ఉండదు. పగలంతా కాలిన తారు తెల్లవారేదాకా చల్లబడదు. అలాంటి పొద్దుల్లో ఊరి మీంచి ఏదైనా మోపెడ్ చప్పుడు వినిపిస్తే మంచం మీద లేచి కూర్చుంటాను. అది మా ఊరి ముందు దాటిపోయి, చప్పుడు కొబ్బరి తోటల్లో కలిసిపోయేదాకా మళ్లీ పడుకోను. నేను రాసిన జాగ్రత్తలు చదివిన ఎవరో ఒకరు, ఎండ ఎక్కకముందే ఇల్లు చేరాలని, తలకి తుండు చుట్టుకుని వెళుతున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది దాటిపోతుందని ముందుగా నమ్మలేకపోయాను.

జాతీయ రహదారి నాలుగు వరసలైంది. నేను పత్రిక మానేశాను. నాన్న పోయాడు. ఈ మధ్యనే, ఇంక ఆపుకోలేక, సోంపేట వెళ్లాను. కరుణమ్మ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఇంటి అరుగు మీద కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూతురు కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. అనుకున్నదంతా చెప్పాను. రాయి నాదేనని చెప్పాను. పోలీసుల చెవిన వేసింది నేనేనని చెప్పాను. ఆ రోజు బస్టాండులో ఆమె అడిగినదానికి జవాబు నాకు తెలుసని చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు. పొట్టు తీస్తూనే ఉంది. "తాగలేదు" అంది. నన్ను అడిగినట్టు కాదు.

"తాగలేదమ్మా."

"తాగలేదు," అని కూతురి వైపు చూసి అంది. కూతురు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నాకు సెప్పి ఏటి లాభం బాబూ?" అంది కరుణమ్మ చివరికి. అన్నయ్యా అనలేదు. "ఆ దినం పెట్టి కాడ ప్రార్థన సేసినోళ్లున్నారు. ఆళ్లకి సెప్పండి."

చెప్పాను. తరవాతి ఆదివారం వాళ్ల ఊరి ప్రార్థన మందిరానికి వెళ్లి, పాస్టరు గారి అనుమతి తీసుకుని లేచి నిలబడ్డాను. ఆ రోజు ప్రార్థన చేసిన పెద్ద ఇప్పుడు లేడు. సగం మందికి ఏసుదాసు ఎవరో తెలియదు. ఉన్న ముసలివాళ్లు తల వంచుకున్నారు. ఏసుదాసు ఆ రోజు తాగి లేడని, అతని బండి నేను వదిలిన రాయికి తగిలిందని, తాగాడని రాసింది నేనని చెప్పి కూర్చున్నాను. ఎవరో పాట ఎత్తుకున్నారు. బయటికి వచ్చాక ఎవరూ నాతో మాట్లాడలేదు. అబద్ధం జిల్లా అంతా పోయింది. నిజం ఆ మందిరంలో కూర్చున్నవాళ్ల దగ్గరికే పోయింది. మీకు ఇలా రాయడానికి అదొక కారణం.

అదొక్కటే కారణమైతే నా పేరు కూడా రాసేవాణ్ణి.

ఇంకొకటి ఉంది. ఇది కరుణమ్మకి చెప్పలేదు. సోంపేట అరుగు ముందు నిలబడి, అన్నీ చెప్పాననిపించుకుని, ఇది దాచుకుని వచ్చాను. చెప్పకపోవడం ఆమె మీద దయా, నా పిరికితనమా? దయ అనుకోవాలని చూశాను. నమ్మకం కుదరలేదు. చెబితే ఆమెకి ఇప్పుడు దొరికిన ఆ కాస్త ఊరట కూడా పాడవుతుందన్నది నిజం. చెప్పాల్సి వస్తే ఆమె మొహం చూడలేనన్నదీ నిజం. రెండు నిజాల్లో ఏది ముందో నాకు తెలియదు.

ఆ పొద్దున్న నేను వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరని రాశాను. ఏసుదాసు బోర్లా పడున్నాడని రాశాను. ఆ తరవాత ఏం చేశానో దాటవేశాను. మీరు గమనించే ఉంటారు.

నేను అతని దగ్గరికి వెళ్లలేదు. అతన్ని దాటుకుని రాయి దగ్గరికి వెళ్లాను. అది చోటు తప్పి కొంచెం పక్కకి జరిగి ఉంది. ఎత్తాను. తుప్పల దాకా మోసుకెళ్లి లోపలికి విసిరాను. రోడ్డు మీద దాని గుర్తు ఉందేమోనని వంగి చూశాను. చెప్పుతో మట్టి రాశాను. చేతులు దులుపుకున్నాను. ఊరి వైపు చూసి ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాను. అప్పుడు అతని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది.

వేసవి తారు కదా, ఆ వేడి అనుకున్నాను. పిలిచాను, పలకలేదు. ఊపిరి చూశాను, లేదు. లేదనే అనుకుంటున్నాను. నేను మొదట వచ్చినప్పుడు ఉందో లేదో తెలియదు. చూడలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు. ముందు అతని దగ్గరికి వెళ్లాల్సింది. రాయి దగ్గరికి వెళ్లాను.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాశాను. రాయడం అయ్యింది.